ఏథెన్స్ నగరాన్ని మూడు రోజుల్లో ఎలా చూడాలి: టికెట్టు, మెట్రో, తిండి, ఏది ముందు ఏది వెనుక

గ్రీసుకు వెళ్లే మనవాళ్లలో చాలామంది సాంతోరిని దీవిలోని తెల్లటి ఇళ్ల కోసం బయల్దేరి, ఏథెన్స్‌ను విమానం మారే ఊరుగా మాత్రమే లెక్కలో వేసుకుంటారు. ప్రయాణం దగ్గరపడ్డాక వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి: ఒక్క రోజు సరిపోతుందా, పురాతన గుళ్లున్న అక్రోపోలిస్ కొండకు టికెట్టు అక్కడికి వెళ్లాక కొనుక్కోవచ్చా, విమానాశ్రయం నుంచి ఊళ్లోకి ఎలా రావాలి, శాకాహారులు ఏం తినాలి. విడివిడిగా చెప్పడం కన్నా, పని జరగవలసిన వరుసలోనే అన్నిటినీ ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట. ఈ ఊళ్లో అక్రోపోలిస్ కొండ ఎక్కే గంట ఏదో మొదట ఖాయం చేసుకుని, మిగిలిన కార్యక్రమాన్నంతా దాని చుట్టూ అల్లుకోవాలి. గది, విమానం, భోజనం అన్నీ కుదుర్చుకుని కొండను చివరికి వదిలేసిన వాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

కావలసినవి

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా కావాలి. దాని రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, వీసా కేంద్రం సేవా రుసుము అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా చేసి తీరాలి. వేసవి ప్రయాణమైతే అపాయింట్‌మెంటు దొరకడమే పెద్ద పని కనుక రెండు మూడు నెలల ముందే చూసుకోండి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. ఇటలీ, గ్రీసు కలిపి వెళ్లేవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది: ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. అపాయింట్‌మెంటు ఎక్కడ తొందరగా దొరికితే అక్కడ చేయడం కుదరదు.

వీటితోపాటు కింది వస్తువులు దగ్గర పెట్టుకోండి.

- అడుగు భాగం బాగా పట్టు ఉన్న బూట్లు. శతాబ్దాల తరబడి పాదాలు రాపాడిన పాలరాయి ఎండలో కూడా జారుతుంది. మడమ ఎత్తు చెప్పులను 2009 నుంచి పురాతన స్థలాల్లో అనుమతించడం లేదు.
- అంతర్జాతీయ వాడకానికి అనుమతి ఇచ్చిన వీసా లేదా మాస్టర్‌కార్డు, కొద్దిగా యూరోల నగదు. మన దేశంలో కొత్త కార్డులకు విదేశీ వాడకం మూసివేసి ఇస్తారు కనుక బ్యాంకు యాప్‌లో దాన్నీ, తాకించి చెల్లించే సదుపాయాన్నీ రెండింటినీ తెరిచి ఉంచండి.
- నీళ్ల సీసా, టోపీ. ఏథెన్స్‌లో కుళాయి నీళ్లు తాగవచ్చు, సీసాలు కొనవలసిన పని లేదు.
- సన్నటి రెండు పుల్లల ఫోన్ ఛార్జర్ అక్కడి ప్లగ్గులో సరిపోతుంది. మూడు పుల్లల ల్యాప్‌టాప్ తీగకు మాత్రం అడాప్టర్ కావాలి.
- కందిపొడి, ధనియాల పొడి లాంటివి కావాలంటే తీసుకువెళ్లండి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టెలో పెట్టకండి, ఎందుకంటే యూరోపియన్ యూనియన్ బయటి నుంచి ప్రయాణికులు పాల పదార్థాలను, మాంసాన్ని తేవడం నిషిద్ధం. ధ్రువీకరణ పత్రం లేకుండా పచ్చి కరివేపాకు రెమ్మలు తేవడం కూడా నియమ విరుద్ధమే.

1. కాలాన్ని, రోజులను నిర్ణయించుకోండి

ఏప్రిల్, మే, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా ఉన్న కాలం మంచిది. జులై, ఆగస్టు నెలల్లో ఎండ మన రామగుండం ఎండకు తీసిపోదు. వడగాడ్పులు వీచే రోజుల్లో అధికారులు అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం అయిదు దాకా మూసివేస్తున్నారు, 2023, 2024, 2025 మూడు వేసవుల్లోనూ అలా జరిగింది. ఆగస్టు 15 అక్కడ పెద్ద పండుగ. ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లే దీవులకు వెళ్లిపోతారు కనుక మంచి భోజనశాలలు కొన్ని మూసి ఉంటాయి.

ఎన్ని రోజులంటే, నా లెక్కలో మూడు. ఒక్క రోజే ఉంటే కొండ, దాని కింద ఉన్న మ్యూజియం, పక్కనే ఉన్న పాత పేట ప్లాకా వీధులు చూసి తృప్తి పడండి, మిగతావాటి జోలికి వెళ్లకండి. జనవరి 1, మార్చి 25, వాళ్ల ఈస్టర్ ఆదివారం, మే 1, డిసెంబరు 25, 26 తేదీల్లో పురాతన స్థలాలన్నీ మూసి ఉంటాయి. గ్రీకు ఈస్టర్ తేదీ చాలా ఏళ్లలో మన క్యాలెండరులో ఉండే ఈస్టర్ తేదీతో కలవదు, కాబట్టి వేరుగా వెతికి చూసుకోండి.

2. అక్రోపోలిస్ టికెట్టు ముందే తీసుకోండి

తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు తీసుకున్న అలవాటు ఉన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. తేదీ, గంట ఎంచుకుని, పేర్లు ఇచ్చి, ముందే సొమ్ము కట్టాలి. రోజుకు 20,000 మంది అన్న పరిమితిని 2023 సెప్టెంబరులో పెట్టి, ఆ మరుసటి ఏడాది నుంచి అందరికీ గంటల పద్ధతిని అమలు చేశారు. 2025 ఏప్రిల్ నుంచి టికెట్టు ధర 30 యూరోలు. అంతకుముందు ఏడు స్థలాలకు కలిపి ఇచ్చే ఉమ్మడి టికెట్టు ఉండేది, దాన్ని అప్పుడే ఎత్తివేశారు. పాత యాత్రా కథనాలు చదివి ఉమ్మడి టికెట్టు కోసం వెతికేవారు ఇప్పటికీ ఉన్నారు, అది లేదు.

క) గ్రీకు సాంస్కృతిక శాఖ అధికారిక టికెట్ల సైటు హెచ్‌హెచ్‌టికెట్ డాట్ జీఆర్. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనల సైట్లు చాలా వరకు మధ్యవర్తులవి, అదే టికెట్టుకు ఫోనులో వినే వ్యాఖ్యానం ఒకటి జోడించి ఎక్కువ ధరకు అమ్ముతాయి.

చ) ఉదయం ఎనిమిది గంటల విడత మొదటి ఎంపికగా పెట్టుకోండి. అది దొరక్కపోతే మూసివేతకు రెండు గంటల ముందు విడత తీసుకోండి. పదకొండు నుంచి మూడు మధ్య విడత ఎంత ఖాళీగా కనిపించినా వద్దు.

ట) పేర్లను పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. చెల్లించాక వచ్చిన ఫైలును తెరిచి నాలుగు విషయాలు సరిచూసుకోండి: తేదీ, గంట, పేరు, ప్రతి మనిషికీ వేరే క్యూఆర్ కోడు. యూరప్‌లో తేదీని రోజు, నెల వరుసలోనే రాస్తారు కనుక అక్కడ తికమక లేదు. అమెరికా నుంచి వచ్చే మన పిల్లలు కొన్న టికెట్లలో మాత్రం తేదీని రెండుసార్లు చూడండి.

ఇచ్చిన గంటకు పావుగంట ముందు నుంచి పావుగంట తరువాత వరకే లోపలికి రానిస్తారు. లోపలికి వెళ్లాక మూసే వేళ దాకా ఉండవచ్చు, కానీ ఒకసారి బయటికి వస్తే మళ్లీ అనుమతి లేదు.

మార్చి 6, ఏప్రిల్ 18, అక్టోబరు 28 లాంటి కొన్ని రోజుల్లో ప్రవేశం ఉచితం. డబ్బు మిగిలే మాట నిజమే గాని, ఆ రోజుల్లో రద్దీ కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి నేను సలహా ఇవ్వను.

3. విమానాశ్రయం నుంచి ఊళ్లోకి రండి

హైదరాబాదు నుంచి వెళ్లేవారు ఎక్కువగా దోహా, దుబాయి, అబుదాబి మీదుగా చేరుకుంటారు. అలా వస్తే షెంజెన్ ప్రవేశ తనిఖీ జరిగేది ఏథెన్స్‌లోనే. 2025 అక్టోబరు 12 నుంచి యూరప్ దశలవారీగా ప్రవేశపెట్టిన కొత్త విధానంలో వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు కనుక సరిహద్దు వరుసలో పట్టే సమయాన్ని లెక్కలో ఉంచుకోండి. దిగిన రెండు గంటల్లో దీవికి ఓడ పట్టుకోవాలన్న ప్రణాళిక పెట్టుకోకండి.

ఊళ్లోకి మూడు దారులు ఉన్నాయి.

మెట్రో మూడో మార్గం, అంటే నీలి రంగు గీత, మిమ్మల్ని సుమారు నలభై నిమిషాల్లో నగరం నడిబొడ్డున ఉన్న సింతగ్మకు, తరువాతి స్టేషనైన మొనస్తిరాకికి తెస్తుంది, అక్కడి నుంచి పిరియస్ రేవు దాకా వెళుతుంది. టికెట్టు 9 యూరోలు. రైళ్లు అరగంటకు కాస్త పైగా వ్యవధిలో నడుస్తాయి, అర్ధరాత్రి వేళ దొరుకుతాయని అనుకోవద్దు.

ఎక్స్95 బస్సు రాత్రింబవళ్లు సింతగ్మ దాకా నడుస్తుంది, టికెట్టు 5.50 యూరోలు. పెట్టెలు ఎక్కువ లేని వారికి, అర్ధరాత్రి దిగేవారికి ఇదే మేలు. నేరుగా రేవుకు వెళ్లాలంటే ఎక్స్96 ఎక్కాలి.

టాక్సీకి నగర కేంద్రం వరకు స్థిరమైన ధర ఉంది: పగలు 40, అర్ధరాత్రి నుంచి ఉదయం అయిదు దాకా 55 యూరోలు. ఇందులో సామాను, రహదారి సుంకం అన్నీ కలిసే ఉంటాయి. ఎక్కే ముందే ఆ ధర చెప్పించుకుని, టాక్సీ వరుస దగ్గర రాసి ఉంచిన పలకతో పోల్చుకోండి. నలుగురి కుటుంబానికి మెట్రో 36 యూరోలు అవుతుంది కనుక ఆ లెక్కన టాక్సీయే సుఖం.

ఇక్కడ ఒక హెచ్చరిక. విమానాశ్రయం మెట్రోలోనూ, మొనస్తిరాకి, ఒమోనియా స్టేషన్లలోనూ జేబుదొంగలు ఉంటారు. తలుపు మూసుకునే క్షణంలో ఇద్దరు ముగ్గురు తోసుకుంటూ ఎక్కడం వాళ్ల పద్ధతి. పాస్‌పోర్టు లోపలి జేబులో, చేతిసంచి ముందువైపు ఉండాలి. పెట్టె ఎత్తడంలో సాయం చేస్తానని వచ్చిన ప్రతివాడూ దొంగ కాడు గాని, ఆ సమయంలో మీ రెండో చెయ్యి పర్సు మీద ఉంటే ఎవరూ తప్పు పట్టరు.

4. బస ఎక్కడో ఎంచుకోండి

కొండకు దక్షిణాన ఉన్న కుకాకి, తూర్పున ఉన్న ప్లాకా, పడమట ఉన్న థిసియో పేటల్లో దేనిలో దిగినా చూడవలసిన వాటిలో సగం నడిచే దూరంలో ఉంటాయి. ఒమోనియా చుట్టుపక్కల గదులు చవక, కానీ రాత్రి నడక అంత హాయిగా ఉండదు, కుటుంబంతో వద్దనే చెబుతాను. పాత భవనాల్లో లిఫ్టు లేకపోవడం మామూలు విషయం, పెద్దవాళ్లు ఉంటే బుక్ చేసే ముందే అడిగి తెలుసుకోండి. మరుగుదొడ్లలో కాగితాన్ని నీళ్లలో వేయకుండా పక్కన ఉన్న బుట్టలో వేయాలి, గొట్టాలు సన్నగా ఉండడం వల్ల ఆ నియమం ఊరంతా ఉంది.

5. నగరంలో తిరగడం నేర్చుకోండి

మామూలు టికెట్టు 1.20 యూరోలు. మొదటిసారి తాకించిన దగ్గర్నుంచి 90 నిమిషాలు మెట్రో, బస్సు, ట్రాములన్నిటిలో చెల్లుతుంది. 24 గంటలది 4.10, అయిదు రోజులది 8.20 యూరోలు. రానుపోను విమానాశ్రయ ప్రయాణం కలిపి మూడు రోజులకు 20 యూరోల పర్యాటక టికెట్టు ఉంది. మెట్రోలో వచ్చి మెట్రోలోనే తిరిగి వెళ్లేవారికి అదే లాభం, ఎందుకంటే విమానాశ్రయానికే 18 అయిపోతాయి. బ్యాంకు కార్డును గేటుకు తాకించి కూడా వెళ్లవచ్చు, కానీ ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి.

తరచూ జరిగే తప్పులు మూడు. మొదటిది, 24 గంటల టికెట్టో అయిదు రోజుల టికెట్టో చేతిలో పెట్టుకుని విమానాశ్రయానికి వెళ్లడం. అవి అక్కడికి చెల్లవు. రెండోది, బస్సు ఎక్కి టికెట్టు తాకించకుండా కూర్చోవడం. కొన్నది సరిపోదు, యంత్రానికి తాకించి పచ్చ దీపం వెలిగిందా అని చూడాలి. తనిఖీలో పట్టుబడితే టికెట్టు ధరకు అరవై రెట్లు జరిమానా, అంటే 72 యూరోలు. మూడోది, మెట్రోలో దిగాక టికెట్టు పారేయడం. బయటికి రావడానికి కూడా దాన్ని తాకించాలి.

సమ్మె జరిగే రోజుల్లో మెట్రో నిలిచిపోవచ్చు. ముందురోజే ప్రకటిస్తారు కనుక రాత్రి పడుకునే ముందు మీ గది యజమానిని అడగండి. ఇక సింతగ్మ, మొనస్తిరాకి స్టేషన్లలో హడావిడిగా పరుగెత్తకండి. తవ్వకాల్లో బయటపడిన గోడలు, సమాధులు సింతగ్మ స్టేషనులో అద్దాల వెనుక కనిపిస్తాయి, మొనస్తిరాకిలో ఎరిదనోస్ అనే పురాతన వాగు ఇప్పటికీ కింద పారుతూ ఉంటుంది. ఒక టికెట్టు ధరకు దొరికే మ్యూజియాలివి.

6. మొదటి రోజు: కొండ

కొండకు రెండు ప్రవేశాలు ఉన్నాయి. పడమటి వైపు ప్రధాన ద్వారం దగ్గర పర్యాటకుల బస్సులు ఆగుతాయి కనుక రద్దీ. ఆగ్నేయంలో అక్రోపోలి మెట్రో స్టేషనుకు దగ్గరగా ఉన్న రెండో ద్వారం కాస్త తేలిక, పైగా దారిలో దియోనిసస్ నాటకశాల కనిపిస్తుంది. పెద్ద సంచులను లోపలికి తీసుకుపోనివ్వరు. చక్రాల కుర్చీ అవసరమైన వారికి ఉత్తరం వైపు లిఫ్టు ఉంది, ముందుగా సిబ్బందిని సంప్రదించాలి. పైన నీడ దాదాపు లేదు. సీసా నింపుకునే ఎక్కండి.

పైకి చేరాక అందరూ పార్థెనాన్ అనే పెద్ద గుడి వైపు ఫోన్లు ఎత్తుతారు. మీరు ఒక్క నిమిషం ఆగి, దాని మెట్ల అంచు వెంబడి ఒక మూల నుంచి రెండో మూలకు చూపు సారించండి. గీత తిన్నగా లేదని, మధ్యలో సన్నగా ఉబ్బి ఉందని తెలుస్తుంది. స్తంభాలు కూడా కొద్దిగా లోపలికి వాలి ఉంటాయి. క్రీస్తు పూర్వం 447లో మొదలుపెట్టి 432 నాటికి శిల్పాలతో సహా పూర్తి చేసిన ఇక్తినోస్, కల్లిక్రాతీస్ అనే వాస్తుశిల్పులు కావాలని చేసిన పని అది. తరువాతి కాలంలో అది చర్చి అయింది, మసీదు అయింది. 1687లో తుర్కులు లోపల మందుగుండు నిల్వ ఉంచినప్పుడు వెనీసు సైన్యం పేల్చిన గుండు తగిలి మధ్యభాగం ఎగిరిపోయింది. ఇప్పుడు తెల్లగా మెరిసే రాళ్లు మరమ్మతులో చేర్చినవి, తేనె రంగులో ఉన్నవి పాతవి. ఈ తేడా గుర్తు పెట్టుకుంటే చూపుకు దారి దొరుకుతుంది.

పక్కనే ఎరెక్థియోన్ గుడిలో స్తంభాలకు బదులు నిలబడి కప్పు మోస్తున్న ఆరుగురు స్త్రీమూర్తులు ఉన్నారు. అక్కడున్నవి నకళ్లు. అసలు మూర్తుల్లో అయిదు కింద అక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నాయి, ఆరోది లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

అందుకే కొండ దిగాక నేరుగా ఆ మ్యూజియానికే వెళ్లండి. టికెట్టు వేరుగా తీసుకోవాలి, కొండ టికెట్టు చెల్లదు. బెర్నార్డ్ చుమీ రూపకల్పనలో 2009లో తెరిచిన భవనం ఇది. గాజు నేల కింద పాత ఊరి ఇళ్ల పునాదులు కనిపిస్తాయి, పై అంతస్తును పార్థెనాన్ ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ దిక్కుకే తిప్పి కట్టారు. అక్కడ తేనె రంగు పలకలు అసలువి, సున్నంలా తెల్లగా ఉన్నవి ఎల్గిన్ ప్రభువు పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండుకు తరలించిన శిల్పాలకు అచ్చులు. కొండ మీద నేర్చుకున్న రంగుల తేడా ఇక్కడ కూడా అలాగే పనికివస్తుంది. శుక్రవారం రాత్రి పది దాకా తెరిచి ఉంటుంది, ఎండకు అలసిపోతే గదికి వెళ్లి నిద్రపోయి అప్పుడైనా రావచ్చు.

సాయంత్రం ప్లాకా మీదుగా అనాఫియోతికా ఇరుకు సందుల్లోకి ఎక్కండి. పందొమ్మిదో శతాబ్దంలో రాజధాని కట్టడానికి అనాఫీ దీవి నుంచి వచ్చిన మేస్త్రీలు తమ ఊరి ఇళ్లలాగే కట్టుకున్న చిన్న పేట అది. జనం ఇంకా కాపురం ఉంటున్న ఇళ్లు కనుక గొంతు తగ్గించి నడవండి. సూర్యాస్తమయానికి ఫిలోపాపోస్ కొండ ఎక్కితే పార్థెనాన్ మీ ఎదురుగా ఉంటుంది, టికెట్టు లేదు. అరియోపాగస్ బండ కూడా ఉచితమే గాని రాయి నున్నగా జారుతుంది, చీకటి పడ్డాక వద్దు.

7. రెండో రోజు: అగోరా, జాతీయ మ్యూజియం

ఉదయం ప్రాచీన అగోరాకు వెళ్లండి. సోక్రటీసు తిరిగిన సంత అది. హెఫైస్టస్ ఆలయం గ్రీకు గుళ్లలో అతి బాగా నిలిచిన వాటిలో ఒకటి, కప్పుతో సహా ఉంది. ఎదురుగా ఉన్న అత్తాలోస్ మండపాన్ని అమెరికా పురావస్తు విద్యాసంస్థ 1950లలో పాత పునాదుల మీదే తిరిగి కట్టింది. ఎండ పెరిగాక ఆ మండపం నీడ ఎంత విలువైనదో కూర్చున్నవారికే తెలుస్తుంది.

మధ్యాహ్నం జాతీయ పురావస్తు మ్యూజియం. విక్టోరియా స్టేషనులో దిగి నడవాలి. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు గాని తెరవరు, ఆ రోజు ఉదయం వెళ్లి గేటు ముందు నిలబడేవాళ్లు ప్రతి వారం ఉంటారు. రెండు వస్తువులు తప్పకుండా చూడండి. పురావస్తు తవ్వకాలు చేసిన ష్లీమన్ 1876లో మైసినీలో తవ్వి తీసి, ట్రోజన్ యుద్ధపు కథల్లోని రాజు అగమెమ్నోన్‌దని నమ్మిన బంగారు ముఖతొడుగు ఒకటి. నిజానికి అది ట్రోజన్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి కొన్ని శతాబ్దాల ముందుది. రెండోది, సముద్రంలో మునిగిన ఓడలో 1901లో దొరికిన ఆంతికిథెరా యంత్రం. సూర్యచంద్రుల గతిని, గ్రహణాలను లెక్కగట్టే కంచు పళ్ల చక్రాలు, రెండు వేల ఏళ్ల నాటివి, అందులో ముప్ఫై మిగిలాయి. పంచాంగం గుణించే ఇంట్లో పుట్టినవారైతే ఆ గదిలోంచి త్వరగా బయటికి రాలేరు.

అక్రోపోలిస్‌కు ఆగ్నేయంగా ఒలింపియన్ జ్యూస్ ఆలయం ఉంది, 104 స్తంభాల్లో 15 నిలిచి ఉన్నాయి. 1852 గాలివానకు పడిన ఇంకొకటి దొంతర్లుగా నేల మీదే ఉంది. అది వీధిలోంచే చాలా వరకు కనిపిస్తుంది, టికెట్టు కొనకపోయినా నష్టం లేదని నా అభిప్రాయం. పార్లమెంటు ముందు కాపలా మార్పు ప్రతి గంటకూ జరుగుతుంది, వాద్యాలతో జరిగేది ఆదివారం ఉదయం పదకొండుకు.

8. తిండి: అడగడం నేర్చుకున్నాకే ఆర్డరు ఇవ్వండి

మొదట రెండు మాటలు. గ్రీకులో ‘నే’ అంటే అవును, ‘ఓహి’ అంటే కాదు. హిందీ ‘నహీ’ అలవాటైన చెవికి ‘నే’ కాదన్నట్టు వినిపిస్తుంది. ఒక బేకరీలో మాంసం ఉందా అని అడిగి, ‘నే’ అన్న జవాబు విని నిశ్చింతగా కొరికిన తరువాత నాకు ఆ పాఠం వచ్చింది. తల పైకెత్తి నాలుకతో చప్పుడు చేస్తే అది కూడా కాదనే అర్థం, మనం ‘ప్చ్’ అన్నట్టే.

శాకాహారులు చెప్పవలసిన మాట ‘ఇమే హోర్తోఫాగోస్’, మాంసం లేకుండా అంటే ‘హోరిస్ క్రేయాస్’. పెరుగు, జున్ను కూడా వద్దనుకునేవారికి ‘నిస్తీసిమో’ అన్న మాట ఉంది, చర్చి ఉపవాస దినాల్లో తినదగినదని దాని అర్థం. అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ ఉపవాసంలో మాంసం, గుడ్లు, పాలు, చేపలు నిషిద్ధం గాని రొయ్యలు, ఆక్టోపస్ లాంటివి తినవచ్చు. అందువల్ల నిస్తీసిమో అని రాసి ఉన్నా సముద్రపు జీవులు లేవని విడిగా అడిగి నిర్ధారించుకోవాలి.

ధైర్యంగా తినదగినవి ఇవి. ‘ఫావా’ పసుపు పప్పును మెత్తగా ఉడికించి ఆలివ్ నూనె పోసి ఇచ్చేది, ముద్దపప్పుకు దూరపు చుట్టం. ‘యీగాందెస్’ టమాటాతో కాల్చిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. ‘హోర్తా’ ఉడికించిన ఆకుకూర, నిమ్మరసంతో ఇస్తారు. ‘మెలిజానోసలాతా’ కాల్చిన వంకాయ పచ్చడి, మిరప లేనిది. ‘బ్రియామ్’ బంగాళాదుంపలు, గుమ్మడి జాతి కాయలు, వంకాయలు కలిపి పొయ్యిలో కాల్చిన కూర. ఉదయం పూట వీధిలో నువ్వులద్దిన గుండ్రటి రొట్టె కొలూరి, పాలకూర జున్ను పొరలున్న స్పనకోపిత దొరుకుతాయి. అన్నం కూరిన టమాటా, మిరపకాయల ‘యెమిస్తా’, ద్రాక్షాకుల ‘దోల్మాదెస్’ రెండింటిలో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, కాబట్టి ‘కిమాస్’ ఉందా అని అడగండి. ఆ మాట మన కీమా లాంటిదే, రెండింటికీ మూలం తుర్కీ భాషలో ఉంది.

మాంసాహారులకు కూడా జాగ్రత్త అవసరమే. కాల్చిన మాంసపు వంటకాలైన సూవ్లాకి, యీరో అనగానే చాలా కొట్లలో ఇచ్చేది పంది మాంసం. పంది ‘హిరినో’, గొడ్డు మాంసం ‘మోస్హారి’, కోడి ‘కోతోపూలో’, గొర్రె ‘అర్ని’. మూసకా, పస్తీచియో అనే పొరల వంటకాల్లో వాడే కీమా ఎక్కువగా గొడ్డు మాంసమే. ఏ మాంసమో చెప్పకుండా ఆర్డరు ఇవ్వకండి.

భోజనవేళ మన కన్నా ఆలస్యం, రాత్రి తొమ్మిది దాటాకే హోటళ్లు నిండుతాయి. పసిపిల్లలు ఉంటే ఏడు గంటలకు వెళ్లండి, ఖాళీగా ఉంటుంది. బల్ల మీద అడగకుండానే రొట్టె పెడతారు, దానికి మనిషికి ఇంతని బిల్లులో వేస్తారు. వద్దంటే ముందే చెప్పాలి. ధరల్లో పన్నులు కలిసే ఉంటాయి. బిల్లు ఇవ్వకపోతే డబ్బు చెల్లించనవసరం లేదన్న నియమం మెనూ మీదే అచ్చువేసి ఉంటుంది, కాబట్టి ముద్రిత రసీదు అడగడానికి మొహమాటపడకండి. కార్డు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే యూరోలనే ఎంచుకోండి, రూపాయల లెక్కలో మీరు నష్టపోతారు. పర్యాటక వీధుల్లో గోడకు అతికించినట్టుండే ప్రైవేటు ఏటీఎంల కన్నా బ్యాంకు శాఖకు ఆనుకుని ఉన్నవి మేలు.

గ్రీకు కాఫీ తాగేటప్పుడు అడుగున మడ్డి ఉంటుంది, చివరి గుక్క వదిలేయండి. పంచదార ఎంత కావాలో కాచే ముందే చెప్పాలి: ‘స్కేతో’ చక్కెర లేనిది, ‘మేత్రియో’ మధ్యస్థం, ‘గ్లికో’ తీపి.

9. మూడో రోజు: ఊరి బయటికి

రెండు దారుల్లో ఒకటే ఎంచుకోండి. సూనియో కొన మీద పొసైదోన్ ఆలయం సుమారు 70 కిలోమీటర్ల దూరం. పెదియోన్ తూ అరేయోస్ పార్కు దగ్గర నుంచి కెటెల్ బస్సులో రెండు గంటల ప్రయాణం, సముద్రం వెంబడి వెళ్లే దారి. ఎక్కేటప్పుడే తిరుగు బస్సు చివరిది ఎప్పుడని డ్రైవరును అడిగి రాసుకోండి. సూర్యాస్తమయం చూస్తూ ఆ బస్సు తప్పిపోయిన వాళ్లకు అక్కడ వేరే దారి టాక్సీ ఒక్కటే.

దీవి చూడాలనే కోరిక ఉంటే పిరియస్ నుంచి ఈజినా వెళ్లండి. మెట్రోలో రేవుకు చేరి ఎనిమిదో నంబరు గేటు దగ్గర ఓడ ఎక్కాలి. మామూలు ఓడ గంటంబావు, వేగనౌక నలభై నిమిషాలు. అఫాయా ఆలయం చూసి, ఆ దీవి పిస్తా పప్పు కొనుక్కుని సాయంత్రానికి తిరిగి రావచ్చు. రేవు చాలా పెద్దది, గేట్ల మధ్య దూరం కిలోమీటర్లలో ఉంటుంది కనుక టికెట్టు మీద గేటు నంబరు చూసుకున్నాకే నడక మొదలుపెట్టండి. గాలి ఉద్ధృతంగా ఉంటే ఓడలు ఆపేస్తారు. అందుకే తిరుగు విమానం ఉన్న రోజున దీవి ప్రయాణం పెట్టుకోవద్దు.

మొనస్తిరాకి, సింతగ్మ కూడళ్లలో నవ్వుతూ వచ్చి చేతికి దారం కట్టబోయేవారు ఉంటారు. కట్టాక డబ్బు అడుగుతారు. చేతులు జేబులో పెట్టుకుని నడిచిపొండి, జవాబు ఇవ్వనవసరం లేదు.

10. తిరుగు ప్రయాణం

విమానానికి ముందు రాత్రి మీ చేతిలో ఉన్న టికెట్టు విమానాశ్రయానికి చెల్లుతుందో లేదో స్టేషనులో ఉన్న యంత్రం మీద పెట్టి చూడండి, మిగిలిన గడువు తెర మీద కనిపిస్తుంది. నీలి గీతలో వచ్చే ప్రతి రైలూ విమానాశ్రయం దాకా వెళ్లదు, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. ప్లాట్‌ఫారం పలక మీద విమానాశ్రయం అన్న పేరు, విమానం బొమ్మ కనిపించిన రైలే ఎక్కండి. అది తప్పిపోతే తరువాతిదానికి అరగంటకు పైగా ఆగాలి, ఆ అరగంటను కలుపుకునే గది ఖాళీ చేసే వేళ నిర్ణయించుకోండి.